మూడో తరగతిలో గండికోట

గండికోట కొండ కింద, సర్వే క్యాంపు
22 జనవరి 1956

అక్క మెహబూబున్నీసాకు తమ్ముడు జమీర్ సలాం.

నేను బాగానే ఉన్నాను. ఇక్కడ బాగుండడానికి పెద్దగా ఏమీ లేదు, కాబట్టి బాగాలేకపోవడానికీ ఏమీ లేదు. డేరాలు, గాలి, రాళ్ళు. పెన్నకు ఈ గండిలో ఆనకట్ట కడితే రాయి తట్టుకుంటుందా లేదా అని చూడడం మా పని. మా ఆఫీసరు గంగాధర్ గారు కళ్ళు తెరుస్తూనే రాళ్ళ మాట ఎత్తుతారు, దీపం ఆర్పేదాకా దించరు. వంటవాడు సంగటిలో ఇసుక కలుపుతాడో, ఇసుకలో సంగటి కలుపుతాడో ఇంకా తేలలేదు.

నిన్న జమ్మలమడుగు సంతలో వేరుశనగ బుడ్డలు కొన్నాను. పొట్లం విప్పి చూస్తే ఆ కాయితం మీ మూడో తరగతి జిల్లా భూగోళం పుస్తకంలోది. 'పూర్వం గొప్ప భూకంపం రాగా గండికోట కొండ రెండుగా చీలెను. ఆ సందులోనికి పెన్నానది దిగెను' అని అచ్చు వేశారు. బుడ్డలు గొంతులో అడ్డం పడ్డాయి. ప్రొద్దుటూరు ఆడపిల్లలకు నువ్వు చెప్పే పాఠం ఇదేనా? ఆ కొండను ఏ భూకంపమూ చీల్చలేదు. పెన్న కోసింది. బోరింగు యంత్రం దగ్గర నిలబడే మనిషిని, నా మాట నమ్ము. కాయితం ఇందులో పెట్టాను. నూనె మరకలు నావి, తప్పులు మీవి.

అమ్మకు సలాం చెప్పు.

జమీర్


ప్రొద్దుటూరు
2 ఫిబ్రవరి 1956

తమ్ముడు జమీర్‌కు అక్క దువా. అమ్మ కూడా దువా చెప్పి, తలకు నూనె పెట్టుకోమని రాయమంది.

అంగడి పొట్లాలు చదివి అక్కను దిద్దడానికేనా నిన్ను మద్రాసు పంపి చదివించింది? ఆ పుస్తకం నేను రాయలేదు. మా ఇన్‌స్పెక్టరు రాశారు. అట్ట మీద జిల్లా పటం కంటే ఆయన పేరే పెద్దగా ఉంటుంది. పుస్తకంలో ఉన్నది చెప్పడం నా కొలువు. ఉన్నదాన్ని వెక్కిరించడం నీ కొలువైతే అందుకు జీతమిస్తున్న సర్కారును మెచ్చుకోవాలి.

మనూరి పెన్న నీకు తెలియనిదా? ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. గుడ్డలు ఉతికేవాళ్ళు చెలమ తోడుకుని, ఊరే నీళ్ళ కోసం కూర్చుంటారు. రెండు చీరలు తడవడానికి చాలని ఏరు కొండను కోసిందా? నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "నీళ్ళు రాయిని కోసేదుంటే మనింటి రాతితొట్టి ఎప్పుడో తెగిపోయి ఉండల్ల గదమ్మీ" అంది. దానికి నీ బోరింగు యంత్రం ఏమంటుందో కనుక్కో.

ఇంకొకటి. ఏటికి కళ్ళు లేకపోయినా తెలివి ఉంటుంది, పల్లం చూసుకుని పోతుంది. ఎదురుగా కొండ ఉంటే పక్కకు తిరిగి పోవాలి. సందు ముందే లేకపోతే కొండ నడుమకు ఎందుకు దూరింది? ఇన్‌స్పెక్టరు పక్షాన మాట్లాడడం నాకూ ఇష్టం లేదు. కానీ నీకంటే ఆయన మాటే పొందికగా ఉంది.

దగ్గు తగ్గిందో లేదో రాయలేదు. రాళ్ళ సంగతి ఇంత రాసినవాడివి.

అక్క


గండికోట క్యాంపు
19 ఫిబ్రవరి 1956

అక్కా, సలాం. దగ్గు తగ్గింది. నీ ఉత్తరం చదివినాక మళ్ళీ వచ్చింది.

నీ చివరి ప్రశ్న గంగాధర్ గారి ముందు పెట్టాను. తింటున్న చేయి ఆపి, "మంచి ప్రశ్న, ఎవరిది?" అన్నారు. మూడో తరగతి పంతులమ్మది అని చెప్పడానికి సిగ్గేసి, నాకే తోచిందన్నాను. కోప్పడకు. ఆయన చెప్పిన జవాబు విను.

ఏరు ముందు, కొండ తరువాత. పెన్న తన దారిన పారుతూ ఉండగా కింద నేల పైకి లేచింది. నువ్వనుకున్నట్టు ఒక్కసారిగా కాదు, తరతరాల మనుషులెవరికీ కనబడనంత మెల్లగా. నేల లేచినకొద్దీ ఏరు కోసుకుంటూ పోయింది. రంపం ఒకచోటే ఆడుతుంటే మొద్దును కింది నుంచి ఎత్తినట్టు. ఇక కోసేది నీళ్ళు కావు, నీళ్ళు మోసుకొచ్చే ఇసుకా, దొర్లించుకొచ్చే గుండ్లూ. తొట్టిలో నీళ్ళు కదలవు, వాటిలో ఇసుకా ఉండదని అమ్మకు చెప్పు. మీరు చూసేది మాఘమాసపు పెన్నను. అది కోతకు పోయేది వానాకాలంలో.

పగులైతే అడుగున కూడా పగులు ఉండాలి గదా? ఏటి అడుగున యంత్రం దించి రాతిని కడ్డీలు కడ్డీలుగా పైకి తీశాము. పై నుంచి కిందిదాకా చెక్కుచెదరని రాయి. చీలిన కొండకు చీలని అడుగు ఎక్కడి నుంచి వస్తుంది? మీ ఇన్‌స్పెక్టరు ఇల్లు కదిలి గండి చూసి ఉండడు. చూసినా అందులో తన పేరు కనబడేదాకా చూసి ఉంటాడు.

నమ్మకపోతే రంజాన్ పండగ అయినాక, ఎండాకాలం సెలవులు ఉండగానే రా. బడిపంతుళ్ళకు ప్రపంచం చూపించడం కూడా ఒక పుణ్యం.

జమీర్


ప్రొద్దుటూరు
30 మే 1956

జమీర్‌కు,

నీ దగ్గర నుంచి బస్సులో ఇల్లు చేరేదాకా నీకు ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. గండి అంచున నిలబడి వేలు చూపిస్తూ "అర్థమైతాందా అక్కా, అర్థమైతాందా" అని ఎన్నిసార్లు అడిగావో నీకు తెలియదు. నీకు అక్షరాలు దిద్దించినప్పుడు నేను అన్నిసార్లు అడగలేదు. అప్పుడు నీకు అర్థమయ్యేది కూడా కాదు.

అయినా చూసిన మాట చెప్పాలి. ఎర్రబండలు పలకలు పేర్చినట్టు వరుసలు వరుసలుగా ఉన్నాయి. ఈ గోడలో వరుస ఎక్కడ ఉందో ఆ గోడలోనూ అక్కడే ఉంది. ఇప్పటి నీళ్ళకు ఎంతో పైన, మనిషి చేయి అందని చోట కూడా బండ అరిగి నున్నగా ఉంది. నువ్వు క్యాంపు జీపు గొప్పలు చెబుతున్నప్పుడు నేను ఒక బండమీద కూర్చున్నాను. పక్కన బానంత గుంత, అందులో గుండ్రటి రాయి. చేయి పెట్టి తిప్పితే రోట్లో పొత్రం తిరిగినట్టు తిరిగింది. వరద తిప్పితే ఆ రాయే ఆ గుంతను తొలిచిందని అప్పుడు తెలిసింది. అది నువ్వు చూపించింది కాదు. నేనే చూశాను.

బడి తెరిచినాక పిల్లలకు పుస్తకంలో ఉన్నది చదివిస్తాను, తరువాత నేను చూసినది చెబుతాను. తొట్టి సంగతి అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. మీ వంటవాడి సంగటి సంగతి మాత్రం నువ్వు రాసినదానికంటే ఘోరం.

అక్క


ప్రొద్దుటూరు
20 సెప్టెంబరు 1956

తమ్ముడు జమీర్‌కు అక్క దువా.

ఈసారి వెక్కిరించడానికి రాయడం లేదు. శ్రద్ధగా చదువు.

సోమవారం ఇన్‌స్పెక్టరు మా బడికి వచ్చారు. మూడో తరగతిలోకి వచ్చి, తన పుస్తకం తానే తెరిచి, మైమూన్ అనే పిల్లను లేపారు. చాపాడు పిల్ల, ఇక్కడ మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటోంది.

"గండికోట లోయ ఎట్లా ఏర్పడింది?" అని అడిగారు.

"ఏరు కోసింది సార్."

"పుస్తకంలో ఏముంది?"

"భూకంపమని ఉంది సార్. మా టీచరమ్మ పొయ్యి చూసొచ్చింది."

ఆయన నా వైపు తిరిగారు. "ఏమ్మా, చూసొచ్చినారా? కొండ చీలినప్పుడు మీరు ఆడ ఉన్నారా?"

"లేనండీ. మీరు ఉన్నారా?" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని మా హెడ్మిస్ట్రెస్ రామేశ్వరమ్మ గారు నాలుగు రోజులుగా అంటున్నారు. నిజమే కావచ్చు. కానీ నోట్లో ఉన్న మాటను ఇన్‌స్పెక్టరు వెళ్ళేదాకా బుగ్గన పెట్టుకోవడం నాకు చేతకాదు. పిల్లలు నవ్వారు. ఆయన తనిఖీ పుస్తకంలో నా మీద రాశారు. పాఠ్యపుస్తకానికి విరుద్ధంగా కట్టుకథలు చెబుతున్నానట. నేను క్షమాపణ రాసివ్వాలి. పిల్లలందరి చేత భూకంపమని మళ్ళీ వల్లె వేయించాలి. లేకపోతే చర్య తీసుకుంటారట. ఇంత జరిగినా మైమూన్‌ను కూర్చోమని ఆయన చెప్పలేదు. ఆ పిల్ల చివరిదాకా నిలబడే ఉంది.

గంగాధర్ గారిని అడిగి నాలుగు వాక్యాలు రాయించి పంపు. బోరు వేసి చూశామని, అడుగున పగులు లేదని, అంతే. నన్ను పొగడక్కరలేదు. పెద్ద చదువు చదివిన ఆఫీసరు సంతకం చూస్తే ఇన్‌స్పెక్టరు నోరు మూతపడుతుంది.

పెన్నకు నీళ్ళు వచ్చాయి. ఎర్రగా ఉన్నాయి. ఇంతకుముందు ఆ ఎరుపును బురద అనుకునేదాన్ని.

అక్క


గండికోట క్యాంపు
4 అక్టోబరు 1956

అక్కా, సలాం.

గంగాధర్ గారిని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. సర్వే సంగతులు బయటికి రాసివ్వకూడదని రూలు ఉందట. బడి తగాదాల్లోకి మా ఆఫీసును లాగవద్దన్నారు. ఇంతకుమించి నేను అడగలేను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

చల్లగా ఆలోచించు. శాస్త్రంలో దేన్నీ తెగేసి చెప్పడానికి లేదు. నేల లేచిందంటే అప్పుడు భూకంపాలూ వచ్చే ఉంటాయి. ఆ లెక్కన మీ ఇన్‌స్పెక్టరు రాసినదాంట్లోనూ కొంత నిజం ఉండవచ్చు. రెండు ముక్కలు క్షమాపణ రాసి పడేయి. మూడో తరగతి పిల్లలకు కొండను ఎవరు కోస్తే ఏమి? పెద్దయ్యాక వాళ్ళు ఆ గండిలో బట్టలు ఆరేసుకోబోతారా?

అమ్మ ఆరోగ్యం జాగ్రత్త.

జమీర్


ప్రొద్దుటూరు
12 అక్టోబరు 1956

జమీర్‌కు,

జనవరిలో పెన్న కోసింది. ఫిబ్రవరిలో చెక్కుచెదరని రాయి. అక్టోబరుకు భూకంపమూ వచ్చే ఉంటుంది. మీ శాస్త్రానికి కూడా వానాకాలం, ఎండాకాలం ఉన్నట్టున్నాయి.

గంగాధర్ గారు రాయనన్నారంటే ఆయన ఇష్టం. నాకు ఆయన బాకీ లేరు. కానీ ఆ మాటలు ఎవరివి? 'మూడో తరగతి పిల్లలకు ఎవరు కోస్తే ఏమి' అన్నది ఆయనా, నువ్వా? నన్ను ఎండలో గండి దించి అర్థమైతాందా, అర్థమైతాందా అన్నది ఎవరు? అప్పుడు నాకు అర్థం కావడం నీకు అంత అవసరమైంది. ఇప్పుడు మైమూన్‌కు అర్థం కావడం దేనికీ పనికిరాకుండా పోయింది.

క్షమాపణ రాయలేదు. రాయను. పిల్లల చేత వల్లె వేయించనూలేదు.

మెహబూబున్నీసా


గండికోట క్యాంపు
20 నవంబరు 1956

అక్కా, సలాం.

పులివెందుల నుంచి అలీ అహ్మద్ మామ కార్డు రాశాడు. అమ్మ ఆయన ఇంటికి చేరిందట. నువ్వు జమ్మలమడుగుకు బదిలీ చేయించుకున్నావట. నేను దగ్గరలో ఉన్నానని, ఒంటరివాణ్ణని, నన్ను కనిపెట్టుకుని ఉండడానికి వస్తున్నావట. మామ శానా సంతోషపడి రాశాడు. 'మొగుడు పోయినాక ఇన్నాళ్ళకు నీ అక్కకు ఒక దారి తోచింది' అన్నాడు.

నీ మంచి మనసు నాకు తెలుసు. కానీ ఒక్క మాట నన్ను అడిగి ఉండాల్సింది. ఇది మగవాళ్ళ క్యాంపు. నువ్వు సద్దిమూట పట్టుకుని వారం వారం వస్తే నన్ను చిన్నపిల్లవాడి కింద జమకడతారు. గంగాధర్ గారు ముఖ్యంగా. నీకు ఊరు మారాలని ఉంటే మైదుకూరు అడగాల్సింది, మంచి ఊరు. వచ్చావు కాబట్టి సరే, కానీ నేను పిలిచేదాకా క్యాంపుకు రావద్దు. ఇన్‌స్పెక్టరు గొడవ సర్దుకుందనుకుంటాను. రాష్ట్రం కూడా కొత్తదైంది, పాత కోపాలు ఎవరికి గుర్తుంటాయి?

జమీర్


జమ్మలమడుగు
2 డిసెంబరు 1956

జమీర్‌కు,

నిన్ను కనిపెట్టుకుని ఉండడానికి నేను వచ్చానా? నీ ఉత్తరం చదివి చాలాకాలానికి గట్టిగా నవ్వాను. రాష్ట్రం పేరు మారింది, ఇన్‌స్పెక్టరు మారలేదు. నన్ను శిక్ష కింద ఈ ఊరికి విసిరేశారు. ఇంటిని, అమ్మను, చేతికి వచ్చిన పిల్లలను విడిచి రెండు ట్రంకుపెట్టెలతో బస్సెక్కాను. అమ్మకు ఆ మాట చెబితే అన్నం మానేస్తుందని, తమ్ముడి దగ్గర ఉంటానని చెప్పి పులివెందుల పంపాను. అమ్మకు చెప్పిన అబద్ధం మామ నోట పడి, నీ చెవికి వచ్చేటప్పటికి నీ గొప్పతనమైంది.

ఇక అసలు సంగతి. మొన్న బస్టాండులో నీ జీపు కనబడింది. నువ్వున్నావేమో, మొహం తిప్పుకుని పోదామనుకున్నాను. గంగాధర్ గారు దిగారు. మే నెలలో చూసిన మనిషిని కదా, గుర్తుపట్టి పలకరించారు. ఇక్కడ ఏం చేస్తున్నారమ్మా అన్నారు. చెప్పాను. ఆయన నిలబడే వింటూ, "మీరు నాకు ఒక మాట చెప్పి పంపుంటే ఆ పొద్దే రాసిచ్చేవాణ్ణి గదమ్మా. అట్లాంటి రూలేమీ లేదు. జమీర్ నాతో ఒక్క ముక్క అనలేదే" అన్నారు.

నా తమ్ముడి పరువు పోతుందని, వాడికి నేనే సరిగా చెప్పలేదేమోలెండి అన్నాను. నీ పేరు మీద నేను చెప్పిన రెండో అబద్ధం అది. ఇప్పటికైనా రాసిస్తానన్నారు. వద్దన్నాను. నాకు ఆ కాయితంతో పని తీరిపోయింది.

భయమేసి అడగలేదు అక్కా అని రాసి ఉంటే నేను నాలుగు తిట్లు తిట్టి మరిచిపోయేదాన్ని. భయపడేవాళ్ళను రోజూ చూస్తాను, పలక పగలగొట్టి పావడ చాటున దాచుకునేవాళ్ళను. వాళ్ళకు ఎనిమిదేళ్ళు. నువ్వు నీ భయాన్ని ఆయన నెత్తిన పెట్టి, పైన శాస్త్రం కప్పి పంపావు. రెండు నెలలు ఆ మంచి మనిషిని నేను మనసులో తిట్టుకున్నాను.

నువ్వు పిలిచేదాకా క్యాంపుకు రావద్దన్నావు. పిలిచినా రాను.

మెహబూబున్నీసా


గండికోట క్యాంపు
23 డిసెంబరు 1956

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు ఎట్లా రాయాలో తెలియక, రాయకుండా బస్సెక్కాను. ప్రొద్దుటూరు పోయి ఇన్‌స్పెక్టరు ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఆయన పడుకుని లేచేదాకా కూర్చోబెట్టారు. రాయి కడ్డీ ఒకటి సంచిలో వేసుకుపోయాను. పొడవాటిది, చెక్కుచెదరనిది. బయటికి తీసి అరుగు మీద పెట్టి, ఇది పెన్న అడుగు సార్ అన్నాను.

"ఎవరు నువ్వు?" అన్నారు.

"మీరు జమ్మలమడుగుకు పంపినారే, ఆ టీచరమ్మ తమ్ముణ్ణి. ఆమెకు ఆ మాట చెప్పింది నేనే. కట్టుకథ అయితే నాది, ఆమెది కాదు."

ఆయన రాయిని కాలితో కొంచెం జరిపి చూశారు. "మాకు నచ్చినట్టు మేము రాస్తాము. నువ్వు రాళ్ళు చూసుకో పో" అన్నారు. నా పేరు, ఆఫీసు పేరు అడిగి రాసుకున్నారు. మా పై ఆఫీసుకు రాస్తారట. నాకు భయమేసింది. భయమేసిందని రాస్తున్నాను, చూడు. కానీ చెప్పాల్సింది చెప్పాను. రాయిని తిరిగి తీసుకుంటుంటే మాత్రం, "అది ఈడ్నే పెట్టిపో" అన్నారు. ఎందుకో చెప్పలేదు. పెట్టి వచ్చాను.

తిరిగి వచ్చి గంగాధర్ గారికి అంతా చెప్పాను. ఆయన పేరు వాడుకున్న సంగతి, ఏరు కొండ నడుమకు ఎందుకు దూరిందన్న ప్రశ్న నాది కాదన్న సంగతి కూడా. "ఆ ప్రశ్న నీది కాదని నాకు అప్పుడే అనిపించిందిలేప్పా" అన్నారు. మరుసటి రోజు నుంచి నన్ను బోరు దగ్గర నుంచి తీసి రాళ్ళ పెట్టెలకు చీటీలు అంటించే పనిలో వేశారు. పై ఆఫీసు నుంచి ఏమి వస్తుందో తెలియదు.

నువ్వు జవాబు రాయకపోయినా సరే. తిట్టినా సరే.

జమీర్


జమ్మలమడుగు
26 జూన్ 1957

తమ్ముడు జమీర్‌కు అక్క దువా.

ఆరు నెలలు ఉత్తరం రాయలేదని అమ్మ దగ్గర వాపోయావట. చీటీలు అంటించే వాడికి తీరిక ఎక్కువ, నాకు ఈ ఊరిలో రెండు తరగతులు ఇచ్చారు. నీ ఉద్యోగం నిలబడిందని గంగాధర్ గారు సంతలో కనబడి చెప్పారు. నీ మీద వచ్చిన కాయితానికి ఆయనే జవాబు రాశారట. నీకు చెప్పవద్దన్నారు, అందుకే చెబుతున్నాను.

జిల్లా భూగోళం కొత్త అచ్చు వచ్చింది. గండికోట పేజీ చూశాను. 'ఈ లోయ భూకంపము వలన ఏర్పడెనని కొందరు, పెన్నానది కోసివేసెనని మరికొందరు చెప్పుదురు' అని ఉంది. ఆ కొందరు ఎవరో ఇన్‌స్పెక్టరు రాయలేదు. మరికొందరం మాత్రం నువ్వూ, నేనూ, చాపాడు మైమూన్. ఒక అరుగు మీద ఒక రాయి పెడితే ఇన్‌స్పెక్టరు ఒక వాక్యం కదిలాడు. పెన్న కూడా అంతకంటే వేగంగా కోసి ఉండదు.

నన్ను తిరిగి ప్రొద్దుటూరు పంపుతామని కబురు చేశారు. వద్దని రాసిచ్చాను. మొన్న శనివారం ఇక్కడి పిల్లలను ఎద్దులబండ్లలో గండి దగ్గరికి తీసుకుపోయాను. మూడు బండ్లు, ఒక చింతపులుసు అన్నం బాన. అంచున నిలబడి ఒక పిల్ల, "ఇది కోయడం అయిపోయిందా టీచర్, ఇంగా కోస్తాందా?" అని అడిగింది. ఇంకా కోస్తోందని చెప్పాను. సరిగ్గానే చెప్పానా? తప్పైతే వచ్చి ఆ పిల్లకే చెప్పు, నాకు కాదు.

అమ్మ పులివెందుల నుంచి నా దగ్గరికి వచ్చేసింది. జరిగిందంతా ఇప్పుడు చెప్పాను. అన్నం మానలేదు. "వాడు ఇన్‌స్పెక్టరు ఇంటికి ఒక్కడే పొయినాడా" అని నన్ను మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. అవునని మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. నాకు విసుగ్గా ఉంది. నువ్వే వచ్చి చెప్పుకో.

ఇన్‌స్పెక్టరు నీ పేరు రాసుకున్నాడన్నావు. సరిగ్గా రాసుకున్నాడో లేదో వంగి చూడాల్సింది. జమీర్‌ను జహీర్ అని రాసుకుని ఉంటే, నువ్వు ఇన్నేళ్ళకు చేసిన ఒక్క మంచి పని ఎవరో ఊరూ పేరూ తెలియని వాడికి పోతుంది.

ఆదివారం అన్నానికి రా.

అక్క